అద్దానికి అంటుకుపోయిన ముఖం

మొన్న మా వీధి చివరింటి పెద్దాయన పెద్దకర్మకి వెళ్లి, భోజనం చెయ్యకుండా వచ్చేశాను. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరై, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకుని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా కాలం వెళ్లబుచ్చిన మనిషి. నాకు తెలిసి ఆయన పళ్లు ఎవరూ చూడలేదు. షామియానా కింద ఇంత పెద్ద టీవీ పెట్టి, అందులో ఆయన ఫొటోకి ప్రాణం పోశారు. ఫోనులో దానికేదో యాప్ ఉందిట. ఫొటో కళ్లు ఆర్పింది. మెడ ఇటు తిప్పింది. ఉన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, రెండు చేతులూ ఎత్తి వచ్చినవాళ్లకి నమస్కారం పెట్టింది. అయిపోగానే మళ్లీ మొదటినుంచి. విస్తళ్ల ముందు కూచున్నవాళ్లు గారెలు తుంచుకుంటూ "అచ్చం ఆయనే, అచ్చం ఆయనే" అంటున్నారు. కోడలు నా పక్కకొచ్చి, "ఆంటీ, మీరు ఈ లైనులోనే చదువుకున్నారు కదా, ఎలా వచ్చింది?" అనడిగింది. బీపీ మాత్ర మర్చిపోయానని వంక పెట్టి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, చెంబుడు నీళ్లు తాగి మంచమ్మీద కూలబడ్డాను. రోత అంటే రోతే. దానికి ఇంకో పేరు పెట్టి మర్యాద చెయ్యలేను.

ఆ పిల్ల అన్నమాట నిజమే. నేను ఆ లైనులోనే చదువుకున్నాను. డిజిటల్ ఆర్ట్స్ అని, కంప్యూటరు మీద బొమ్మలు చేసే డిగ్రీ. రుషికొండ వైపు ఒక కొండని సగం తొలిచి కట్టిన కాలేజీ. కొండమీంచి చూస్తే కింద ఒడ్డున మా పేట కనిపించేది. మేం జాలర్లం. నాన్న, ఎల్లాజీ చిన్నాన్న కలిసి తెప్ప మీద వేటకెళ్లేవారు. అమ్మ, నూకాలు చిన్నమ్మ గంపలెత్తుకుని ఊళ్లోకి పోయేవారు. ఎండుచేపలైతే పెందుర్తి దాకా బస్సులో వెళ్లేవారు. గంప కాలికి తగిలిందని తిట్టని ప్రయాణికుడు ఉండేవాడు కాదు, అదే చేప కొనేటప్పుడు బేరమాడని ఇల్లాలూ ఉండేది కాదు. నానమ్మ గడప మీద కూచుని అడ్డపొగ కాల్చేది. చుట్ట నిప్పున్నవైపు నోట్లో పెట్టుకుని, అది తియ్యకుండానే ఇంటిల్లిపాదినీ తిట్టేది, తిట్లన్నీ ముక్కులోంచి వచ్చేవి. మా ఇంటికి మూడు వాసనలు. ఆవిడ చుట్ట, ఇసకలో ఎండే నెత్తళ్ల చేపలు, తెప్ప ఇంజనుకి వాడే కిరసనాయిలు. పుట్టినప్పట్నుంచీ పీల్చిన గాలి కాబట్టి అవి వాసనలని మాకు తెలీదు. తెప్పల మీద పేర్లు, పూలు నేనే వేసేదాన్ని. అది చూసి ఎవరో ఈ చదువు గురించి చెబితే అమ్మ పట్టుబట్టింది. "కంప్యూటరంటే ఏసీలో కూకుని సేసే పని. నీ ఒంటికి సేపలాసన అంటదు, సదువుకో," అంది.

ఏసీ గది వాసన ఎలాంటిదో మా అమ్మకి తెలిస్తే గంపే నయమనేది. దుమ్ము పడుతుందని చెప్పులు బయట విప్పించేవారు. వారాల తరబడి ఉతకని మేజోళ్లతో మొగపిల్లలు వచ్చి కూచునేవారు. కిటికీలు తెరవకుండా మేకులు కొట్టేశారు. కింద తివాచీ ఒకటి, ఎప్పుడూ తడితడిగా, పులిసిన పిండిలా ఉండేది. ఏసీ ఉండేది గాని దాన్ని ఎవరైనా పెద్దమనుషులు చూడ్డానికి వచ్చినప్పుడే వేసేవారు. కీబోర్డు మీటల మధ్య వెంట్రుకలు, బిస్కెట్ల పొడి. మౌసు పట్టుకుంటే అరచేతికి జిడ్డు. దసరాకి ప్రతి కంప్యూటరుకీ పసుపు, కుంకుమ పూసి నిమ్మకాయ పెడితే, సంక్రాంతి దాకా ఆ నిమ్మకాయ అక్కడే కుళ్లేది, తీస్తే అరిష్టమని. మా డిపార్ట్‌మెంటు పెద్దని అందరం హెచ్చోడీ సారనేవాళ్లం. మిక్చరు పొట్లం తింటూ పాఠం చెప్పి, ఆ నూనె వేళ్లతోనే మా తెరల మీద తప్పులు చూపించేవాడు. అంత చేసి, నా కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాత్రం జేబులోంచి మల్లెపూల సెంటు సీసా తీసి గాల్లో కొట్టేవాడు. "సెన్సిటివ్ ఎక్విప్‌మెంటమ్మా, ఏమనుకోకు," అనేవాడు. గురివింద తన నలుపెరగదన్నట్టు, ఆ గదిలో కంపు కొట్టేది నేనొక్కదాన్నే అని వాళ్లందరి నమ్మకం. ఇప్పటికీ మల్లెపూలు నేను తల్లో పెట్టుకోను.

చివరి సంవత్సరం మొదట్లో ఎల్లాజీ చిన్నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. నాన్నకి జ్వరంగా ఉంటే పక్కింటతన్ని తోడు తీసుకెళ్లాడు. గాలి తిరిగింది. పక్కింటతను ఖాళీ పీపా పట్టుకుని భీమిలి దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. చిన్నాన్న రాలేదు, ఒళ్లూ దొరకలేదు. నెలలు గడిచాయి. నానమ్మకి ఒకటే గోల. "నా కొడుకు కూడు లేకుండా ఉప్పునీళ్లలో తిరగతన్నాడర్రా. ఆడికి సెయ్యాల్సింది సెయ్యండి," అని అందరి కాళ్లావేళ్లా పడేది. చిన్నమ్మ మాత్రం ససేమిరా అంది. బొట్టు తీయనంది, గాజులు తీయనంది. పొద్దున్నే గంప దించి, ఇంత పసుపు రాసుకుని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని మళ్లీ గంపెత్తుకునేది. పేటలో పెద్దలు వచ్చి కూచుంటే, "ఆడు సచ్చిపోనాడని ఎవులు సూసేరు? సూసినోల్ని నా ముందుకు రమ్మనండి," అనేది. చూసినవాడెవడూ లేడు కాబట్టి పెద్దలు లేచి వెళ్లిపోయేవారు. ఒకే ఇంట్లో తల్లి ఒకవైపు, పెళ్లాం ఒకవైపు. కొడుక్కి కూడు పెట్టించుకోవాలని ఈవిడ, మొగుణ్ని బతికించుకోవాలని ఆవిడ. కూర ఉడికేది గాని ఎవరూ కలిసి తినేవారు కాదు.

ఒళ్లు దొరకనివాళ్లకి గడ్డితో బొమ్మ చేసి కర్మ చేస్తారు. నానమ్మ దానికి ఒప్పుకోలేదు. "ఆ గడ్డికి నాను కూడెట్టను. అందరిళ్లలో గోడకి ముఖాలున్నాయి, నా కొడుక్కీ ముఖం కావాల," అని కూచుంది. చిన్నాన్నకి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, పెళ్లిది. చిన్నమ్మ పెట్టె అడుగున ఉండేది. సముద్రపు చెమ్మకి ఫొటో వెళ్లి అద్దానికి అంటుకుపోయింది. నాన్న ఫ్రేము విప్పి మెల్లిగా లాగితే చిన్నమ్మ వచ్చింది, దండలు వచ్చాయి, చిన్నాన్న భుజాలు, చేతులు వచ్చాయి. ముఖం మాత్రం పొరలా ఊడి అద్దం మీదే ఉండిపోయి, చూస్తుండగానే పొట్టు పొట్టుగా రాలిపోయింది. నానమ్మ ఆ పొట్టుని కొంగులో ఎత్తుకుంది. చిన్నమ్మ తొంగి చూసి, చేపలు ఉప్పులో వెయ్యడానికి వెళ్లిపోయింది. అప్పుడు నాన్న నాకేసి తిరిగాడు. "పాపా, మీ కాలేజీలో ముఖాలు సేత్తారు కదేటి?"

అదే నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు అయింది. పాత ఫొటోలు బాగుచెయ్యడం మా పాఠాల్లో ఉన్నదే. నాన్న ముఖం ఫొటో తీసి స్కాన్ చేశాను, చిన్నాన్నకి అన్నయ్య కదా. చిన్నాన్న దవడ నానమ్మదని అందరూ అంటే, చుట్ట తీయించి ఆవిడ దవడా తీసుకున్నాను. కళ్లెవరివి, నుదురెవరిది అంటే తలో మాటా చెప్పారు. నానమ్మ కళ్లకి పొర, ఆవిడకి ఏ ముఖం చూపించినా నీడే. సరిగ్గా చెప్పగలిగేది ఒక్క చిన్నమ్మే. ఆవిడ రాదనుకున్నాను గాని, అడగ్గానే వచ్చింది. గంప కాలేజీ గేటు దగ్గర కాపలావాడికి అప్పజెప్పి, లాబులో నా పక్కన చక్రాలున్న కంప్యూటరు కుర్చీలో మఠం వేసుకు కూచుంది. ఆడపిల్లలు చున్నీలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. సారు మల్లెపూలు కొట్టాడు. చిన్నమ్మ గట్టిగా తుమ్మి, "ఏటిది బాబూ, పీనుగు దగ్గర కొట్టినట్టు కొడతన్నావు?" అంది. ఆ చదువంతటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

అప్పటి కంప్యూటర్లు నత్తలు. ముక్కు కొంచెం సన్నం చెయ్యమంటే ఇసక గడియారం బొమ్మొకటి తెర మీదికొచ్చి కూచునేది, అది పోయేదాకా చేతులు కట్టుకుని ఉండాలి. ఇప్పుడు ఫోను ఎవర్నీ అడక్కుండా చిటికెలో పళ్లూ చేతులూ మొలిపిస్తోంది. అప్పుడు ముక్కు తయారయ్యేలోపల చిన్నమ్మ ఆ ముక్కు సంగతి చెప్పేది. చిన్నతనంలో తెడ్డు తగిలి వంకరపోయిందని, జలుబు చేస్తే ఒకవైపే కారేదని, ఆ వంకర చూసే నవ్వొచ్చి పెళ్లికి ఒప్పుకుందని. ముందుపన్ను ఒకటి సగం విరిగిందిట, వలతాడు పళ్లతో లాగడం వల్ల. నవ్వేటప్పుడు అది కనపడకుండా పైపెదవి కిందికి లాక్కునేవాడుట. ఆవిడ చెబుతుంటే నేను చేసుకుపోయాను. నాకు తెలిసిన చిన్నాన్న కంటే తెలియని చిన్నాన్నే ఎక్కువగా వచ్చాడు తెర మీదికి.

ఒక మధ్యాహ్నం అతను నిజంగా వచ్చేశాడు. కనుబొమ్మలు కాస్త దించానో లేదో, తెరలోంచి ఎల్లాజీ చిన్నాన్న మా ఇద్దర్నీ చూశాడు. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ దిగి బయటికెళ్లిపోయింది. చాలాసేపటికి వచ్చింది, ముఖం కడుక్కుని. తెర వైపు చూడకుండా, "ఆ కనుబొమ్మలు పైకెత్తు," అంది.

"ఇందాకటిదే బాగుంది కదా సిన్నమ్మా?"

"ఆడితో కాపురం సేసింది నానా, నువ్వా? ఎత్తు."

ఎత్తాను. చిన్నాన్న వెళ్లిపోయాడు, ఎవరో చుట్టం మిగిలాడు. చిన్నమ్మ ఊపిరి పీల్చుకుంది. ముక్కు తిన్నగా చెయ్యమంది, చేశాను. చెవులు పెద్దవి చెయ్యమంది, చేశాను. ఆ తర్వాత ఆవిడ వచ్చినన్నాళ్లూ అంతే. అతను దగ్గరికొస్తున్నాడనగానే ఏదో ఒకటి చెప్పి తరిమేసేది. ఆవిడ 'వీడే' అన్నరోజు పెద్దలు వచ్చి గాజులు పగలగొడతారు, అది ఆవిడకి తెలుసు. నాకూ తెలిసింది. నానమ్మ ఇంట్లో రోజూ అడిగేది, "నా కొడుకు ఎంతవరకూ వచ్చేడే?" అని. "వత్తన్నాడత్తా, ఇంకా రాలేదు," అనేది చిన్నమ్మ.

కాలేజీ ఎగ్జిబిషను దగ్గరపడింది. హెచ్చోడీ సారు నా వెనకాల నిలబడి, "ఈ ఆంటీ తేల్చదు గానీ, ఇలా ఇయ్యి," అని ఫైలు తీసుకుపోయాడు. మా లాబులో దొంగ సీడీలు కొన్ని ఉండేవి, వాటినిండా తెల్లతోలు దొరల ఫొటోలు. సూట్లు, టైలు, చేతిలో ఫోను, నోటినిండా నవ్వు. డిపార్ట్‌మెంటులో ఎవడు ఏ పోస్టరు చేసినా ఆ దొరల చేతులో, పళ్లో అందులో ఉండాల్సిందే. మర్నాడు గోడ మీద చిన్నాన్నని చూశాను. మా నాన్న నుదురు ఉంది, నానమ్మ దవడ ఉంది. మధ్యలో ఎవడో దొర నోరు, అందులో అరటిపువ్వు లోపలి పూతల్లాంటి పళ్ల వరస. ఒంటికి నీలం కోటు. ముఖానికి సున్నం కొట్టినట్టు తెలుపు. "సారూ, మా చిన్నాన్న నలుపండి," అన్నాను. "ఆ నలుపులో ఏం కనపడుతుందమ్మా? చచ్చిపోయినాయన్ని కాస్త అందంగా చూపిస్తే తప్పా? కాంట్రాస్టు ఉండాలి," అన్నాడు, వేళ్లు నాక్కుంటూ. కింద మూలన కాలేజీ గుర్తు. పైన పూలదండ, ముందు అగరొత్తులు. కర్మ ఇంకా మా ఇంట్లో జరగలేదు, వీళ్లు కొండ మీద జరిపించేశారు.

నానమ్మని ఆటోలో ఎక్కించి తీసుకొచ్చారు. నాన్న, అమ్మ, చిన్నమ్మ, పేట పెద్దలు వచ్చారు. సమోసాలు పంచుతున్నారు. ఎవడో తినేసి, నూనె కాగితం ఉండచుట్టి ఆ ఫొటో కిందనే పారేశాడు. ఇంకెవరో నా దగ్గరికొచ్చి, మా తాతగారిది కూడా ఇలా చేస్తారా, టై ఎర్రది పెట్టండి, అన్నారు. సారు మైకు పట్టుకుని, మా విద్యార్థులు చావుని జయించారన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తల్చుకుంటే ఇవాళ కూడా నోరంతా చేదవుతుంది. నానమ్మ ఆ ఫొటో అద్దం మీద రెండు అరచేతులూ ఆనించి, కింద నుంచి పైదాకా తడిమింది. "నా కొడుకే. నవ్వతన్నాడు సూడండర్రా," అని బావురుమంది, పొరకళ్లకి ఆ పళ్ల తెలుపొక్కటీ ఆనిందేమో. నాన్న ఆ ముఖంకేసి చూశాడు, నాకేసి చూశాడు. కన్నతల్లి ఏడుస్తోంది. "అవునమ్మా, ఆడే," అన్నాడు. పెద్దలు చిన్నమ్మ వైపు తిరిగారు. నాకు ఆగలేదు. అది మా చిన్నాన్న కాదని అరవడానికి నోరు తెరిచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలాగ. ఆ దొరపళ్ల మనిషిని తలనుంచి కోటు దాకా తీరిగ్గా చూసి, "ఊ. ఈడే," అంది.

కర్మ ఒడ్డున చేశారు. సారు పెద్ద మనసు చేసుకుని ఆ ఫొటో మాకే ఇచ్చేశాడు, కాలేజీ గుర్తుతో సహా. ఇసకలో పీట మీద పెట్టారు. నానమ్మ దాని ముందు ఆకు వేసి, కూడు పెట్టి, కానాగంత చేపల పులుసు పోసి, తిను నాయనా అని బతిమాలింది. వాడు కోటు వేసుకుని నవ్వుతూ ఉన్నాడు. వాడి ఎదుటే చిన్నమ్మ గాజులు రాయి మీద చితక్కొట్టారు, బొట్టు తుడిచేశారు, మెట్టెలు లాగేశారు. ఆడాళ్లు ఏడ్చారు. చిన్నమ్మ ఏడవలేదు. నేను వాడి పళ్లే చూస్తూ నిలబడ్డాను. సముద్రంలో పోయినవాడికి తీరం మీద ఇంత అన్యాయం జరుగుతుందా అనిపించింది. చదువంటే అసహ్యం వేసింది, సారంటే, తలూపిన పెద్దలంటే, నా చేతివేళ్లంటే కూడా. తెప్పల వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక చిన్నమ్మ పెరట్లో కూచుని, నానమ్మ రాత్రి తినడానికి చేపలు బాగుచేస్తోంది. నుదురు ఖాళీగా ఉంది, చేతులు బోసిగా. పక్కన కూలబడి ఏడ్చేశాను. "అది సిన్నాన్న కాదు సిన్నమ్మా. ఎవడో దొర నోరు తెచ్చి అతికించేసేడు. ఆ మాట నాను అందరికీ సెప్పెయ్యనా?"

"నాకు తెల్దేటే?" అంది, చెయ్యి ఆపకుండా. "సూడగానే తెలిసింది. అందుకే ఒప్పుకున్నాను."

"అదేటి సిన్నమ్మా?" అన్నాను.

"ముసల్దానికి కొడుకు కూడు తిన్నట్టయింది. పడుకుంటాది ఇయ్యాల. పెద్దలకి పనైపోనాది. పోనోడు ఎవుల బిడ్డో పాపం, నవ్వుమొగం. ఆడికి సేసీసేం." పొలుసులంటిన మణికట్టుతో నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. "గాజులు మాత్రం మంచివే, పోనాయి. మీ సిన్నాన్న వచ్చినాక ఇదంతా సెప్పకే. సచ్చేలా నవ్వుతాడు."

చెప్పనన్నాను.